గల్లాపెట్టెలో డబ్బు ఎవరిది?

హెచ్‌ఏఎల్ అంటే బెంగళూరులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పాత విమానాశ్రయం పేరు అదే, దాని ముందున్న రోడ్డు పేరూ అదే. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వంతో కలిసి పెట్టిన సంస్థ ఇది. 2018 మార్చిలో షేర్ మార్కెట్‌కి వచ్చింది. అప్పట్నుంచి మన ఇళ్ళల్లో కూడా దీని షేర్ల మాట వినిపిస్తోంది. మా పిన్ని కూడా చీటీ పాడిన డబ్బులో కొంత ఇందులో పెడదామా అని ఆలోచిస్తోంది. "అసలు కంపెనీ విలువ ఎంతే?" అని నన్నడిగింది. బీకాం చదువుతున్నాను కదా! ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్‌లో కనిపించే 'మార్కెట్ క్యాప్' అంటే షేరు ధరని మొత్తం షేర్లతో గుణిస్తే వచ్చేది. హెచ్‌ఏఎల్‌కి సుమారు 66.88 కోట్ల షేర్లున్నాయి. షేరు 4,000 రూపాయలనుకుంటే దాదాపు 2.67 లక్షల కోట్లు. ఇది షేర్‌హోల్డర్ల వాటా విలువ మాత్రమే. వ్యాపారం మొత్తం విలువ తెలియాలంటే ఇంకో లెక్క వెయ్యాలి. దాని పేరు ఎంటర్‌ప్రైజ్ వాల్యూ.

ఒకావిడ పెళ్ళి జాకెట్లు కుట్టే షాపు అమ్ముతోందనుకుందాం. తన వాటాకి 6 లక్షలు అడిగింది. మెషిన్ల మీద బ్యాంకు అప్పు 2 లక్షలుంది. కొన్నవాళ్ళే అది తీర్చుకోవాలి. గల్లాపెట్టెలో లక్ష రూపాయలున్నాయి. అవి కొన్నవాళ్ళకే వస్తాయి. అంటే షాపు మనకి పడేది 6కి 2 కలిపి, 1 తీసేస్తే, 7 లక్షలు. ఆ 6 లక్షలు మార్కెట్ క్యాప్ లాంటిది, 7 లక్షలు ఎంటర్‌ప్రైజ్ వాల్యూ. ప్రిఫరెన్స్ షేర్లు, అనుబంధ కంపెనీల్లో బయటివాళ్ళ వాటా ఉంటే అవి కూడా కలుపుతారు. వడ్డీ, పన్ను, తరుగుదల తియ్యకముందు షాపు లాభం ఏడాదికి లక్ష అయితే, మనం లాభానికి 7 రెట్లు పెట్టి కొంటున్నట్టు. ఒక షాపుకి అప్పుండి ఇంకోదానికి లేకపోయినా, ఈ పద్ధతిలో రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

అప్పు వైపు చూడకపోతే ఏమవుతుందో బోయింగ్ కంపెనీలో కనిపిస్తుంది. రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలాయి, ఆ రకం విమానాలన్నీ నేలమీదే నిలిచిపోయాయి, తర్వాత కోవిడ్ వచ్చింది. 2018 చివర్లో 1,380 కోట్ల డాలర్లున్న అప్పు 2020 చివరికి 6,360 కోట్ల డాలర్లయింది. ఆ రెండేళ్ళలో షేరు ధర సుమారు మూడోవంతు తగ్గింది. ధర మాత్రమే చూసినవాళ్ళకి భలే చవకగా అనిపించి ఉంటుంది. కానీ చేతిలో ఉన్న నగదు తీసేసి చూసినా నికర అప్పు 520 కోట్ల నుంచి 3,800 కోట్ల డాలర్లకి పెరిగింది. అది కలిపితే వ్యాపారం మొత్తం వెల షేరు పడినంతగా పడలేదు.

హెచ్‌ఏఎల్ సంగతి దీనికి తలకిందులు. అప్పు దాదాపు లేదు, బ్యాంకు డిపాజిట్లు వేల కోట్లలో ఉన్నాయి. సూత్రం ప్రకారం ఆ నగదంతా తీసేస్తే కంపెనీ ఇంకా చవకగా కనిపిస్తుంది. ఇక్కడే కాస్త ఆగాలి.

మళ్ళీ మన షాపుకి వద్దాం. గల్లాపెట్టెలో ఉన్న లక్షలో 80 వేలు పెళ్ళివాళ్ళిచ్చిన అడ్వాన్సు అనుకోండి. ఆ డబ్బుతో లైనింగు కొనాలి, జరీ కొనాలి, కుట్టేవాళ్ళకి కూలి ఇవ్వాలి. జాకెట్లు ఇచ్చేదాకా అది మన సొంతం అనుకోకూడదు. జాగ్రత్తగా లెక్కేస్తే 20 వేలే తియ్యాలి. అప్పుడు షాపు 7.8 లక్షలు పడుతుంది, అంటే లాభానికి 7.8 రెట్లు.

రక్షణ కంపెనీల్లో ఈ తేడా పెద్దది. ప్రభుత్వం కాంట్రాక్టు మీద ముందే కొంత అడ్వాన్సు ఇస్తుంది, తర్వాత పని దశల్ని బట్టి మరికొంత ఇస్తుంది. విమానం తయారవడానికి ఏళ్ళు పడుతుంది. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్ 1ఎ విమానాలకి సుమారు 48,000 కోట్ల కాంట్రాక్టు కుదిరింది. 2024 మొదట్లో ఇవ్వడం మొదలవ్వాలి. కానీ అమెరికా నుంచి జీఈ కంపెనీ పంపాల్సిన ఇంజన్లలో మొదటిదే 2025 మార్చిలో వచ్చింది. ఇలా పని ఆగినప్పుడు అడ్వాన్సు డిపాజిట్లలో కూర్చుని కంపెనీకి వడ్డీ తెస్తుంది, చూసేవాళ్ళకి నగదు బాగా ఉన్నట్టుంటుంది. పని ఊపందుకుంటే అదే నగదు కరిగిపోతుంది. ఇంకో మాట: నగదు తీసేసి లెక్కేసేటప్పుడు, దాని మీద వచ్చిన వడ్డీని కూడా లాభంలోంచి తియ్యాలి. లేకపోతే ఒకే డబ్బుని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఆర్డర్ల మొత్తాన్ని కంపెనీ విలువకి కలపకూడదు. 48,000 కోట్లు చెయ్యాల్సిన పని విలువ. అందులో ఖర్చు పోగా మిగిలేదే లాభం.

పిన్నికి కొనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. కంపెనీ వార్షిక నివేదిక దాని వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అందులో బ్యాలెన్స్ షీట్ తెరిచి మూడు చోట్ల వేలు పెట్టమన్నాను: అప్పులు, నగదు-బ్యాంకు నిల్వలు, కస్టమర్ల అడ్వాన్సులు. మూడోది కొన్నిచోట్ల 'కాంట్రాక్ట్ లయబిలిటీస్' అనే పేరుతో ఉంటుంది. రెండో అంకె పక్కన మూడోది రాసుకుని, ఆ తర్వాత ఫోన్‌లో ధర చూడమన్నాను. ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ లెక్క వేస్తాం. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి షేర్లు కొనే ఆలోచనలో ఉంటే, మీరూ వాళ్ళ పక్కన కూర్చుని వేసి చూడండి.