మెయిల్‌లో వచ్చిన ఫైల్ తెరుస్తున్నారా..? పేరు కాదు.. ముందు 'తోక' చూడండి!

ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు 'ఆఫర్ లెటర్' అంటూ మెయిల్ వస్తే ఆగుతారా? వెంటనే అటాచ్‌మెంట్ నొక్కేస్తారు. సైబర్ కేటుగాళ్లకు కావాల్సింది కూడా అదే. అందుకే ఫైల్ పేరు కంటే దాని తోక, అంటే ఎక్స్‌టెన్షన్ చూడటం ముఖ్యం.

అసలేంటీ ఎక్స్‌టెన్షన్?

ఫైల్ పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే అక్షరాలే ఎక్స్‌టెన్షన్. ఫైల్‌ను దేనితో తెరవాలో ఇదే చెబుతుంది. జేపీజీ అంటే ఫొటో, పీడీఎఫ్ అంటే డాక్యుమెంట్. కానీ ఈఎక్స్ఈ, వీబీఎస్, జేఎస్, ఏపీకే వేరు. ఇవి చూసే ఫైళ్లు కావు.. పని చేసే ప్రోగ్రామ్‌లు. కంప్యూటర్‌లో ఈఎక్స్ఈ తెరిచినా, ఫోన్‌లో ఏపీకే ఇన్‌స్టాల్ చేసినా.. అందులో రాసిన పని మొదలైపోతుంది.

ఒక్క ప్రేమలేఖతో ప్రపంచం గజగజ

2000 మే నెలలో ఫిలిప్పీన్స్‌లో మొదలైన 'ఐ లవ్ యూ' వైరస్ గుర్తుందా? అప్పుడు మెయిల్‌తో వచ్చిన ఫైల్ పేరులో రెండు తోకలు.. ముందు టీఎక్స్‌టీ, చివర వీబీఎస్. విండోస్ మామూలుగా చివరి ఎక్స్‌టెన్షన్‌ను చూపించదు. దాంతో జనం ఉత్త టెక్స్ట్ ఫైలే అనుకుని తెరిచారు. అంతే.. అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ అదే మెయిల్ వెళ్లిపోయింది. ఫొటోల ఫైళ్లు నాశనమయ్యాయి. బ్రిటన్ పార్లమెంట్ సైతం మెయిల్ సర్వీసు ఆపేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఫోన్లే టార్గెట్

అదే ట్రిక్ ఇప్పుడు పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లోనూ తిరుగుతోంది. చివర ఏపీకే ఉంటే అది శుభలేఖ కాదు, యాప్. ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇచ్చారంటే ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్లినట్టే.

తెలియనివన్నీ వైరస్‌లేనా?

కాదు. హెచ్ఈఐసీ అంటే ఐఫోన్ ఫొటో. ఐసీఎస్ అంటే క్యాలెండర్ ఇన్విటేషన్. పీ7ఎస్ అంటే డిజిటల్ సంతకం. 'విన్‌మెయిల్ డాట్ డీఏటీ' అని వస్తే అది అవుట్‌లుక్ ఫార్మాట్ తేడా వల్ల వచ్చిందే. అయితే పీడీఎఫ్ అయినంత మాత్రాన పూర్తి సేఫ్ అని కూడా కాదు. లోపల ఫేక్ లింకులు ఉండొచ్చు.

మరి ఏం చేయాలి?

* తెలియని ఫైల్ వస్తే, పంపినవారికి ఫోన్ చేసి అడగండి. మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు మాత్రం కాదు.
* ఫైల్ తెరవడానికి కొత్త యాప్ వేసుకోమంటే ఆగండి. పీడీఎఫ్‌గా పంపమనండి.
* జిప్ ఫైల్, దాని పాస్‌వర్డ్ ఒకే మెయిల్‌లో వస్తే అనుమానించండి. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో చూడటం స్కానర్లకు కష్టం.
* కంప్యూటర్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ 'వ్యూ' మెనూలోకి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఆన్ చేసుకోండి. దాక్కున్న తోక కనిపిస్తుంది.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేశారా? కంగారు పడొద్దు. ముందు నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.