స్ట్రిప్పులోని సరంగు

"సార్, మా అత్తయ్య స్ట్రిప్పు మా తాతయ్య షుగర్ మిషన్లో పెడితే పనిచెయ్యదేం? ఇద్దరిదీ రక్తమేగా!" అన్నాడు తొమ్మిదో తరగతి పిల్లాడొకడు. నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మూలపడ్డ మిషన్ ఒకటి విప్పాను. బిళ్ల బ్యాటరీ, ఆకుపచ్చ బోర్డు, గోరంత చిప్పు, స్ట్రిప్పు దూరే గాడిలో సన్నటి లోహపు నాలుకలు. అంతే. చక్కెరను పట్టే సరంజామా ఏదీ లేదు! గడువు తీరిన స్ట్రిప్పు ఒకటి తీసి బ్లేడుతో పొరలు విడదీస్తే, నల్లటి కార్బన్ గీతలు, వాటి కొసన ఎండిన మరక కనిపించాయి. అసలు ప్రయోగశాల ఆ మరకే.

అందులో ఉండేది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. ఉల్లిపాయ పొట్టు కింద మసిలా కనిపించే నల్లబూజు ఉంది చూశారూ, దాన్ని పెంచే దీన్ని తీస్తారు. రక్తంలో ఎన్ని పదార్థాలున్నా దీని కన్ను గ్లూకోజ్ మీదే. ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి రెండేసి ఎలక్ట్రాన్లు లాగేసుకుంటుంది. లాగినవి ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ప్రకృతిలో ఆ పుచ్చుకునేది ఆక్సిజన్. ఎంత ఆక్సిజన్ తగ్గితే అంత చక్కెర అని లెక్కగట్టే ఎలక్ట్రోడ్ ఆలోచనను 1962లో అమెరికాలో లీలండ్ క్లార్క్ బయటపెట్టాడు. ఉపాయం అందమైనదే. కానీ రక్తంలో చక్కెరతో పోలిస్తే ఆక్సిజన్ కొంచెం, పైగా ఒక బొట్టులో ఉన్నంత మరో బొట్టులో ఉండదు.

ఈలోగా ఇంకో దారి రాజ్యమేలింది. స్ట్రిప్పు రంగు ఎంత మారిందో కాంతితో కొలిచే మిషన్లు. ఏమ్స్ కంపెనీ తెచ్చిన మొదటిది కిలోకి పైగా తూగేది, డాక్టర్లకే అమ్మేవారు. షుగరున్న ఇంజనీరు రిచర్డ్ బెర్న్‌స్టీన్ తన భార్య డాక్టర్ కావడంతో ఆమె పేరు మీద ఒకటి సంపాదించాడు. అయినా నా ఓటు రంగుకు కాదు, కరెంటుకే.

1984లో ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ శాస్త్రవేత్తలు ఆక్సిజన్‌ను పక్కకు తప్పించి ఫెర్రోసీన్‌కు పని అప్పగించారు. రెండు అప్పడాల మధ్య ఇరుక్కున్న శనగగింజలా, రెండు కార్బన్ వలయాల నడుమ ఒక ఇనుప పరమాణువు. ఎలక్ట్రాన్‌ను ఇట్టే ఇస్తుంది, ఇట్టే పుచ్చుకుంటుంది. గోదావరి రేవులో సరంగు చేసే పని ఇదే. ఎంజైము ఒడ్డున ఎలక్ట్రాన్‌ను ఎక్కించుకుని కార్బన్ ఒడ్డున దించి, ఖాళీ పడవతో వెనక్కొస్తాడు. పడవలో ఒక్కరికే చోటు, కాబట్టి ఒక్కో గ్లూకోజ్‌కు రెండు పడవలు కావాలి. ఆ ఒడ్డున దిగినవాళ్ల లెక్కే కరెంటు. 1987కల్లా ఇది పెన్నులాంటి మీటరుగా అంగట్లోకి వచ్చింది. తర్వాత సరంగులు మారారు, రక్తపు బొట్టు ఒక మైక్రోలీటరు లోపుకు తగ్గింది.

ఒక్కో కంపెనీ స్ట్రిప్పులో సరంగు వేరు, ఎంజైము మోతాదు వేరు, గీతల అమరిక వేరు. ఇంత కరెంటు వస్తే ఇంత చక్కెర అనే ఎక్కం మిషన్‌కు తన స్ట్రిప్పుదే వచ్చు.

వ్యాపారమూ ఇక్కడే ఉంది: గేదె ఉచితం, మేత మాత్రం మా కొట్లోనే! ఉదాహరణకు, బ్రిటన్‌లో మీటర్లు చాలావరకు కంపెనీలు ఊరికే ఇస్తాయి. స్ట్రిప్పులు డాక్టరు చీటీ మీద వస్తాయి, ఆ బిల్లు ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌ది. అందుకే ఖర్చు తగ్గించాలనుకున్న స్థానిక విభాగాలు చవక స్ట్రిప్పుల జాబితాలు తయారుచేశాయి. 2023లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండే సిఫార్సుల జాబితా ఇచ్చింది. జాబితాలో లేని స్ట్రిప్పు వాడేవాళ్లకు మీటరు కూడా మార్చుకోమనే మాట వినబడుతుంది.

అందరికీ అన్నిరకాలూ కొనివ్వమనడం న్యాయం కాదు, ఒప్పుకుంటాను. కానీ మీటర్ల కచ్చితత్వానికి పెట్టిన 2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం చూడండి. డెసీలీటరు రక్తంలో చక్కెర 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నప్పుడు నూటికి 95 కొలతలు 15 శాతం అటూఇటూలో ఉంటే చాలు. అసలు 200 ఉంటే 170 చూపిన మిషనూ, 230 చూపిన మిషనూ పాసే. పాత మీటరు నైజం తెలిసి ఇన్సులిన్ సర్దుకోవడం అలవాటైన మనిషికి కొత్తది ఇస్తే ఆ నైజం మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలి. ఇన్సులిన్ పంపుతో మాట్లాడే మీటరైతే చిక్కు ఇంకా పెద్దది.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పాను. పిల్లాడు తల గోక్కున్నాడు.

"అదా సార్ సంగతి! మొన్న తాతయ్యకు తన మిషన్లో 180 వచ్చింది. వెంటనే అత్తయ్య మిషన్లో, అత్తయ్య స్ట్రిప్పుతో చూసుకుంటే 155. ఇదే కరెక్టని మైసూర్‌పాక్ తినేశాడు."