కంచె దగ్గర ఆగిపోయిన జింకపిల్ల

మే నెల. వయోమింగ్‌లో మాస్టర్స్ చేస్తున్న రోజులు. లారమీ నుంచి ఐదు గంటలు కారు నడిపి నేనూ, మా రూమ్మేటూ పైన్‌డేల్ అనే చిన్న ఊరికి వెళ్లాం. రోడ్డు పక్కన ముళ్లతీగ కంచె. ఒక తల్లి జింక దాన్ని అలవోకగా దూకేసింది. వెనకున్న పిల్ల మాత్రం ఆగిపోయింది. ఒకసారి, రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కి తగ్గింది. మేం కారు ఆపి ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

వీటిని మ్యూల్ డీర్ అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. చెవులు అంత పెద్దవి కాబట్టి ఆ పేరు!

ఇవి చలికాలమంతా రెడ్ డెజర్ట్ ఎడారిలోనే ఉంటాయి. ఏడాది పొడవునా అక్కడే ఉంటాయని ఒకప్పుడు అనుకునేవారు. హాల్ సాయర్ అనే శాస్త్రవేత్త కొన్ని ఆడ జింకల మెడకు జీపీఎస్ కాలర్లు కట్టాక అసలు సంగతి తెలిసింది. వసంతం రాగానే అవి ఉత్తరాన హోబాక్ కొండల వైపు 240 కిలోమీటర్లు నడిచి వెళ్తున్నాయి! హైదరాబాద్ నుంచి విజయవాడ దూరానికి కాస్తే తక్కువ. 2014లో ఈ వివరాలు బయటికొచ్చాయి.

255 నంబరు జింక అయితే ఇంకా ఘనురాలు. ఐడహో రాష్ట్రం దాకా దాదాపు 390 కిలోమీటర్లు వెళ్లింది.

ఎందుకింత నడక? తిండి కోసం. మంచు కరిగేకొద్దీ లేత గడ్డి కింది నుంచి పై కొండలకు వరసగా మొలుస్తుంది. జింకలు ఆ పచ్చదనం వెంటే వెళ్తాయి. వేసవిలో పట్టిన కొవ్వే చలికాలంలో వాటి ప్రాణం. దారి చూపించేది గూగుల్ మ్యాప్ కాదు, అమ్మ. ఒక్కసారి ఆ దారి తెగితే, తర్వాతి తరానికి నేర్పేవాళ్లే ఉండరు.

తెగే ప్రమాదం నిజంగానే ఉంది. ఫ్రీమాంట్ సరస్సుకీ పైన్‌డేల్‌కీ మధ్య వేల జింకలు ఒక ఇరుకు సందులోంచే వెళ్లాలి. అక్కడి 364 ఎకరాలు అమ్మకానికొచ్చాయి. ఇళ్లు లేస్తే దారి మూసుకుపోయినట్టే. కాలర్ల మ్యాపు చూశాక, ది కన్సర్వేషన్ ఫండ్ అనే సంస్థ ఆ భూమి కొని జింకల కోసం కాపాడింది. దగ్గర్లోనే ట్రాపర్స్ పాయింట్ దగ్గర, 2012 నాటికే హైవే మీదుగా వన్యప్రాణుల కోసం వంతెనలు కట్టారు.

కంచెలకూ ఉపాయం ఉంది. అడుగు తీగకి ముళ్లు తీసేసి, నేల నుంచి అడుగున్నర ఎత్తున కడితే చాలు, పిల్లలు కింద నుంచి దూరిపోతాయి.

మేం చూసిన కంచె అలాంటిది కాదు. మూడోసారి ఆ పిల్ల పొట్ట నేలకానించి, ముళ్ల కింద నుంచి పాక్కుంటూ దూరింది. వీపు మీది వెంట్రుకలు కొన్ని తీగకే ఉండిపోయాయి. అవతల అమ్మ ఒక్క అడుగు కూడా కదలకుండా నిలబడే ఉంది.

తర్వాత రెండూ ఉత్తరం వైపు నడిచాయి. వచ్చే ఏడు ఆ దారి పిల్లకి గుర్తుంటుంది. ఆ దారిని ఉండనివ్వడమే మన పని.