చక్రాల ఇంటిలో చెమ్మ

ఐరోపాలో కొందరు మోటారు వ్యానులోనే నెలల తరబడి కాపురముందురు. పడక, అలమార అమర్చిన ఫోక్స్‌వాగన్ వ్యానులు జర్మనీలో 1951 నుండి వెలువడినవి. ఆ కాస్త చోటును ఊడ్చుట ఎంతో సేపటి పని కాదు, చిక్కంతయు చెమ్మతోనే.

20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడును. 5 డిగ్రీల వద్ద 7 గ్రాములు మాత్రమే. అందుచే నిద్రించువారి ఊపిరిలోని ఆవిరి, రాత్రి చల్లబడిన రేకును, అద్దమును తాకి, మంచునీటి గ్లాసుపై వలె బిందువులగును. ఆ నీరు పరుపు అడుగున చేరి బూజు పట్టించును. ఉబ్బసము గలవారికి బూజు కీడు.

చలికి వెరచి కిటికీలు బిగించి గ్యాసుపొయ్యి వెలిగించుట మరింత ముప్పు. గ్యాసు మండినపుడు మరల నీటి ఆవిరియే పుట్టును. గాలి చాలనిచో ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడు కూడ పుట్టును. దానికి వాసన లేదు! కిటికీ కొంచెము తెరచి, పరుపు క్రింద గాలియాడునట్లు చెక్కబద్దలు పరచి, ఉదయమున అద్దములు తుడువవలెను. తుడిచిన గుడ్డను బయటనే ఆరవేయవలెను. లోపల ఆరవేసినచో ఆ నీరు తిరిగి గాలిలోనికే చేరును.