బ్యాగులో ఒక చెక్క స్పూను

పర్యావరణం అనగానే చాలామందికి మొక్కలు నాటడం గుర్తొస్తుంది. మా ఆత్మకూరు వైపు వాళ్లకి మాత్రం ఉదయగిరి చెక్క స్పూన్లు కూడా గుర్తు రావాలి. అక్కడ తరతరాలుగా కొయ్యతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేసే కుటుంబాలున్నాయి.

2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ స్పూన్లు, కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు నిషేధం. అయినా బండి దగ్గర ఇస్తూనే ఉన్నారు, మనం తీసుకుంటూనే ఉన్నాం. ఐదు నిమిషాల తిండికి వాడి పారేసిన ఆ స్పూను మన తర్వాత కూడా ఉంటుంది. చెక్క స్పూనైతే కడిగి, తుడిచి, నీడన ఆరబెడితే చాలాకాలం వస్తుంది. విరిగితే మట్టిలో కలిసిపోతుంది. అది దొరక్కపోతే ఇంట్లో స్టీలు స్పూనైనా సరే, బ్యాగులో పడేసుకోండి. చేతిలో ఉంటేనే కదా, "వద్దన్నా" అనగలిగేది!

ఇంకో చిన్న లెక్క. హాస్టల్ కుళాయి సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా, 4 లీటర్ల పైనే. నెలకు దాదాపు 130 లీటర్లు! ఉదయగిరి మెట్ట పల్లెల్లో ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే వాళ్లని అడిగితే ఆ నీళ్ల విలువ చెప్తారు. కుళాయి గట్టిగా తిప్పండి. అప్పటికీ కారుతుంటే వాషర్ పోయినట్టే, ఆ రోజే వార్డెన్‌కి చెప్పండి.