శక్తి – నిజాంసాగరం చెప్పే పాఠం

పని చేయగల సామర్థ్యమే శక్తి. ఈ పాఠానికి మేము మన జిల్లాలోని నిజాంసాగరాన్నే ఉదాహరణగా తీసుకుంటాము. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో నిర్మాణమై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట మంజీర నీటిని ఎత్తున నిలుపుతుంది. నిలిచిన నీటిలోనిది స్థితిశక్తి. నీరు కిందికి దూకినప్పుడు అది గతిశక్తి అవుతుంది. టర్బైన్‌ను తిప్పి విద్యుచ్ఛక్తిగా మారుతుంది.

వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్, అనగా 36 లక్షల జౌళ్లు ఖర్చు. ఇంత శక్తికి, నష్టమేమీ లేకున్నా, సుమారు 37 వేల లీటర్ల నీరు పది మీటర్ల ఎత్తు నుండి పడవలెను.

శక్తి నశించదు గదా, పొదుపెందుకని విద్యార్థులు అడుగుతారు. నశించదు, నిజమే, కాని వేడిమిగా చెదిరిన శక్తిని తిరిగి కూడగట్టలేము. పడిన నీరు తనంతట పైకెక్కదు. కనుక తరగతి గది విడిచేటప్పుడు దీపాలు ఆర్పుదాము.