జ్వరం బిళ్ళా, పాలగ్లాసూ

జ్వరమొచ్చిన మనిషికి మన నందిగామ, జగ్గయ్యపేట వైపు ఇప్పటికీ జరిగే మర్యాద ఒకటుంది. అన్నం మాన్పించడం! రెండు బ్రెడ్డు ముక్కలు పాలల్లో ముంచి పెట్టి, ఆ పాలతోనే బిళ్ళ కూడా మింగించేస్తారు. పెరుగు జలుబు, పప్పు వాతం, గుడ్డు వేడి. మామూలు జ్వరమైతే ఎలాగో గడిచిపోతుంది. స్క్రబ్ టైఫస్ వచ్చి డాక్టరుగారు డాక్సీసైక్లిన్ రాసినప్పుడే ఆ పాలగ్లాసుతో చిక్కు.

ఈ జబ్బు పేరు చాలామందికి కొత్త. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి ఆనని ఒక పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. వానలు పడ్డాక, చలికాలం దాకా ఎక్కువ. మనకేమో సరిగ్గా అప్పుడే పత్తి తీతలు, గడ్డి కోతలు. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పి పుట్టదు కాబట్టి గమనించరు. అందరికీ కనబడదు కూడా. చంకలో, రొమ్ము కింద, గజ్జల్లో, లంగా నాడా బిగించే నడుం దగ్గర ఉంటుంది. మగ డాక్టరు అడిగితే మన ఆడవాళ్ళు చూపిస్తారా? "ఏం లేదండీ" అనేస్తారు. ఇంట్లో తల్లో, తోడికోడలో ఒకసారి వెతికి చూస్తే ఎంత మేలో! ఆలస్యమైతే ఊపిరితిత్తులకి, కిడ్నీలకి, మెదడుకి కూడా పాకి ప్రాణం మీదికొస్తుంది. వేళకి మందు పడితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగింది కదా అని మిగతా బిళ్ళలు డబ్బాలో దాచకండి. మామూలుగా వారం రోజులు రాస్తారు, పూర్తిగా వాడాలి.

మా ఎదురింటి వదినగారి అమ్మాయి అమెరికాలో ఉంటుంది, కనెక్టికట్ రాష్ట్రంలో. ఆ పిల్లకి లైమ్ జబ్బు చేసింది. అది పిడుదు కరిచి వచ్చేది. క్రిమి వేరు, మందు మాత్రం తరచుగా ఈ డాక్సీసైక్లినే. లైమ్ అనేది ఆ రాష్ట్రంలోనే ఒక ఊరు. 1975లో ఆ చుట్టుపక్కల పిల్లలకి వరసగా కీళ్ళవాపులు వస్తుంటే పాలీ మర్రే అనే గృహిణి వివరాలన్నీ రాసిపెట్టుకుని ఆరోగ్యశాఖ వెంటపడింది. అలా ఆ జబ్బు లోకానికి తెలిసింది. ఇల్లాలి గోడు వినాలంటే ఎక్కడైనా కాస్త గట్టిగానే తలుపు తట్టాలి కాబోలు!

మందు వాడటం పూర్తయినా ఆ అమ్మాయికి నెలల తరబడి నీరసం, కీళ్ళనొప్పులు పోలేదు. కొందరు ఇంకా ఆరునెలలు యాంటీబయాటిక్ వాడమన్నారు, కొందరు రోగనిరోధక శక్తి పెంచే పొడులన్నారు. వదినగారికి నిద్ర లేదు. 2001లో అమెరికాలో, 2016లో నెదర్లాండ్స్‌లో వెలువడిన పరీక్షల్లో, అలా పొడిగించి వాడిన మందువల్ల ఉత్తుత్తి బిళ్ళలకన్నా అదనపు మేలు కనబడలేదు. ఊరికే పేగులు పాడవడం మిగులుతుంది. అందుకే అక్కడి డాక్టరు నిద్ర, మెల్లమెల్లగా నడక, సరైన తిండి అని చెప్పారట. తిండి క్రిమిని చంపదు, మనిషిని నిలబెడుతుంది.

డాక్సీసైక్లిన్‌కి పూర్వీకురాలైన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. దాన్ని కనిపెట్టినవాడు డగ్గర్. ఆ పని జరిగిన లెడర్లీ కంపెనీలో పరిశోధనలన్నీ నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతోనే పోయారు. పేగుల బాధ తెలిసిన మనిషి!

ఇక వంటింటికొస్తే, ఈ బిళ్ళ ఖాళీ కడుపున వేస్తే వికారం. రెండు ఇడ్లీలో, నాలుగు ముద్దల పప్పన్నమో తిన్నాక నిండు గ్లాసు మంచినీళ్ళతో వేసుకుని, అరగంటైనా నడుం వాల్చకుండా కూర్చోవాలి. లేకపోతే గొంతులో ఇరుక్కుని పుండు పడుతుంది. పాలు మందుని కొంత ఒంటబట్టనివ్వవు. అంతకంటే పెద్ద అడ్డు ఐరన్, క్యాల్షియం బిళ్ళలు, గ్యాసు మందులు. మనలో సగంమంది రోజూ వేసుకునేవే కదా! అవి ఆపాలా, ఎడం పెట్టాలా అన్నది డాక్టరునే అడగండి. గర్భిణి అయితే ముందే చెప్పండి, వేరే మందు రాస్తారు.

యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి క్రిముల్ని కూడా చంపుతుంది, అందుకే విరోచనాలు. బిళ్ళకి రెండు గంటల ఎడం ఇచ్చి పెరుగన్నమో, మజ్జిగో, మజ్జిగ పోసి నానబెట్టిన చద్దన్నమో పెట్టండి. జలుబు చేస్తుందన్న భయం వద్దు. ఆ మంచి క్రిములకి మేత మాత్రం ఆకుకూరలు, పెసరపప్పు, జొన్న సంకటి, అరటిపండు. కోలుకునేవాళ్ళకి గుడ్డు, చేప తప్పకుండా పెట్టండి. విరోచనాల్లో నెత్తురు కనిపించినా, నీళ్ళలా ఆగకపోయినా మజ్జిగతో సరిపెట్టకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇంకోటి, ఈ మందు వాడే రోజుల్లో ఎండకి ఒళ్ళు తొందరగా కందిపోతుంది. పత్తి తీతకి వెళ్ళక తప్పకపోతే చీరమీద నిండు చేతుల చొక్కా తొడుక్కోండి, పురుగుక్కూడా అదే అడ్డు. ఇంటికి రాగానే ఆ బట్టలు వేణ్ణీళ్ళలో పడేసి, ఒళ్ళు రుద్దుకుని స్నానం చేశాకే మంచమెక్కండి.